వాన కావాలని అడిగిన నోటితో

దోహాలో నాలుగు చినుకులు పడితే మేం ఫోన్లు పట్టుకుని బయటికి పరుగెత్తుతాం. తడిసిన రోడ్డును ఫొటో తీసి ఇంటికి పంపుకుంటాం. నేను పుట్టింది నంద్యాల దగ్గర ఒక మెట్ట ఊళ్లో. అక్కడ కూడా వాన అంటే అడిగి తెచ్చుకోవలసిందే. అలాంటివాణ్ని ఈ మధ్య వీపుకు సంచి తగిలించుకుని పద్దెనిమిది రోజులు జాంబియాలో, అదీ నడి వానాకాలంలో, తిరిగి వచ్చాను. ఎలా ఉందని అడిగినవాళ్లకు తలా ఒక జవాబు చెబుతున్నాను. అన్నీ నిజమే, ఒకదానికొకటి పొసగవు. వరుసగా రాస్తే ముందు నాకైనా అర్థమవుతుందేమోనని కూర్చున్నాను.

అబూ హమూర్

మా తెలుగు సంఘం ఆరాధన అబూ హమూర్‌లో శుక్రవారం జరుగుతుంది. ఇక్కడ సెలవు ఆ రోజే. పిల్లలకు నేను చెప్పే సండే స్కూలు కూడా శుక్రవారమే. ఒకే ప్రాంగణంలో ఒక హాల్లో మలయాళం, పక్క హాల్లో ఇంగ్లీషు, ఆ పక్కన మేము. మా పాట మధ్యలో వాళ్ల చప్పట్లు వినిపిస్తుంటాయి.

మోసెస్ ఆ ఇంగ్లీషు కూడికకు వస్తాడు. మెసైమీర్‌లో మా కంపెనీ క్యాంప్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ అతనిది. నేను అదే కంపెనీలో స్టోర్ కీపర్ని. డిసెంబరులో ఒక సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపాడు.

"బ్రదర్ దేవసహాయం, మీ తెలుగువాళ్లు గట్టిగా ప్రార్థన చేస్తారు. గోడ అవతల మాకు వినిపిస్తుంది. మా ఊరికి వాన కావాలని అడుగుతారా?"

అతనిది జాంబియా తూర్పున ఒక పల్లె. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. తల్లి ఎస్నాత్ ఒక్కతే మొక్కజొన్న పండిస్తుంది. కిందటేడు వాన లేక చేను నిలువునా ఎండిపోయింది. అప్పుడే మోసెస్ ఉద్యోగం వదిలేస్తానని సంచి సర్దాడు. నర్సింగు చదివే చెల్లెలు అతని జీతం మీదే ఆధారపడి ఉందని మేమంతా బతిమాలి ఆపాం. ఒప్పందం ఇంకా ఐదు నెలలు ఉంది. "ఈసారీ పంట పోతే మాత్రం నేను ఆగను బ్రదర్. అమ్మను ఒక్కదాన్నే వదిలి ఎలా ఉంటాను?" అన్నాడు.

మా సంఘంలో ప్రార్థన విన్నపాల పుస్తకం ఒకటి ఉంది. ఎడమ వైపు మనిషి పేరు, కుడి వైపు ఏం అడగాలో రాస్తాం. రాసేది సంఘ పెద్ద జయరాజు అంకుల్. ఆయనది భీమవరం. 'మోసెస్ తల్లి' అని ఎడమన, 'వర్షం' అని కుడిన రాశారు. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండి ప్రార్థించాం. వాన కోసం ఎలా అడగాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు మా నాన్న పక్కన మోకాళ్లూని ప్రతి ఏడూ అడిగినవాణ్ని.

నాలుగో వారం మోసెస్ ఫోను చెవికి ఆనించి మా హాల్లోకి పరుగెత్తుకొచ్చాడు. స్పీకర్ పెట్టి మైకు ముందు ఉంచాడు. రేకుల మీద వాన చప్పుడు. మొత్తం సంఘం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"కళ్లారా చూసొచ్చి సాక్ష్యం చెప్పేవాడుంటే బాగుండునయ్యా," అన్నారు జయరాజు అంకుల్. "నీకు సెలవు వచ్చింది కదా, ఓసారి వెళ్లి రాకూడదూ?"

సెలవు నలభై రోజులు. నా భార్యకు ఫోన్లో చెప్పాను. "ఇంటికి రాకుండా వానలో తడిసేదానికి అంత దూరం పోతాండావా? తడిసేది ఉంటే ఈడ స్నానాల గదిలో తడువు," అంది. మిగతా రోజులు ఇంటికే అని ఒప్పించాను.

నా గదిలోనే ఉండే నర్సింలు నాతో వస్తానన్నాడు. జగిత్యాల దగ్గరివాడు, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మా సంఘంవాడు కాదు. అయినా బిర్యానీ వండే శుక్రవారం తప్పకుండా వచ్చి వెనక వరసలో కూర్చుంటాడు. నన్ను పాస్టరన్నా అని ఏడిపిస్తాడు. "నువ్వు దేవున్ని జూడు, నేను ఏనుగుల జూస్త," అన్నాడు.

బయలుదేరే రోజు మోసెస్ తల్లికిమ్మని నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చాడు. మొక్కలకు నీళ్లు పోసేది, ముందు తొండం, ఆ తొండానికి చిల్లుల మూత. వాన ఆగిపోతే కూరమడికి పనికొస్తుందట. ఏ సంచిలోనూ పట్టలేదు. నర్సింలు వీపుకు కట్టుకున్నాడు.

లుసాకా

దిగేటప్పటికే వాన. మా ఊళ్లో అయితే పనులాపి ముఖం పైకెత్తి నిలబడేంత వాన. అక్కడ ఎవరూ పైకి చూడటం లేదు. గొడుగు లేనివాళ్లు నెత్తిన ప్లాస్టిక్ కవరు తగిలించుకుని మామూలుగా నడుస్తున్నారు. నేనొక్కణ్నే బస్టాండులో నిలబడి స్తోత్రం చెబుతూ తడుస్తున్నాను. ఒక ముసలాయన నా మోచెయ్యి పట్టుకుని పంచ కిందికి లాగాడు. నాకు ఒంట్లో బాగా లేదనుకున్నాడట.

నర్సింలు వీపు మీది డబ్బాను చూసి నవ్వనివాడు లేడు. సామాన్లు మోసే ఒకతను, "అన్నా, ఈ వానలో దేనికి నీళ్లు పోస్తావు?" అని అడిగాడు.

అదే సమయానికి నర్సింలు తల్లి ఫోను చేసింది. "దుబాయ్‌ల గంత వాన పడుతుందా బిడ్డా? సప్పుడు ఇనవడుతుంది!"

"దుబాయ్ గాదే అవ్వా, ఆఫ్రికకు అచ్చిన."

"గదే తియ్యి, దుబాయే గదా. పైలం."

మార్కెట్లో ఒకామె ఉసిళ్లు వేయించి గ్లాసుతో కొలిచి అమ్ముతోంది. మా వైపు తొలకరికి దీపం కింద పళ్లెంలో నీళ్లు పెట్టి పట్టేవాళ్లం, అవే. గ్లాసు పది క్వాచాలు, అంటే మన రియాలున్నర. నర్సింలు రెండు గ్లాసులు కొని నిలబడ్డచోటే తిన్నాడు. "మా నాయినమ్మ ఏంచినట్టే ఉన్నయ్," అని ఆ అమ్మే ఆమెకు తెలంగాణ మాటలోనే చెప్పాడు. ఆమెకు అర్థమైనట్టే ఉంది, మరో గుప్పెడు వేసింది.

మధ్యాహ్నం న్షీమా తిన్నాం. తెల్ల మొక్కజొన్న పిండితో చేసిన సంకటి. వేలితో గుంట చేసి కూర అద్దుకునే తీరు కూడా మాదే. రాగి సంకటి తిని పెరిగినవాణ్ని, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత దూరం వచ్చి ఇంటి తిండి తింటున్నానా, ఇంటి దగ్గర ఇంత వాన లేకపోయిందే అని రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి.

లివింగ్‌స్టన్

ఇక్కడ నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఉదయం లేచి వారం చూశాను. శుక్రవారం. తెల్ల చొక్కా తీసి తడిచేత్తోనే ముడతలు సాఫు చేసుకుని, ముందు రోజు చూసి పెట్టుకున్న చర్చికి వెళ్లాను. గేటుకు తాళం. లోపల చీపురుతో నీళ్లు నెడుతున్న ఒకామె వచ్చి ఏం కావాలంది.

"ఆరాధనకు వచ్చాను. ఆలస్యమైందా?"

"ఆదివారం కదా ఆరాధన? రెండు రోజులు ముందొచ్చావు," అంది.

దోహాలో గడిపిన పదకొండేళ్లలో నా లోపలి వారం ఎప్పుడు జరిగిపోయిందో నాకే తెలియదు. తిరిగి వచ్చి చెబితే నర్సింలు మంచం మీద పడి నవ్వాడు. "సండే స్కూల్ సారు గదా అన్న! సండే ఎప్పుడో ఎరుక లేదు!"

అదే రోజు జలపాతం చూశాం. వానకోటు అద్దెకిచ్చే కుర్రాడు రెండు కావాలా అని అడిగాడు, ఒక్కొక్కరికి. నవ్వాను కానీ అతనిదే సరైన లెక్క. అక్కడ వాన పైనుంచి మాత్రమే పడదు. లోయలో పడిన నీళ్లు పొగలా లేచి కింది నుంచి కురుస్తాయి. అరచేతి కింద కూడా తడి. మధ్యలో ఒక్క నిమిషం ఎండ వచ్చింది, నా కాళ్ల దగ్గర ఇంద్రధనుస్సు పరుచుకుంది. దాని మీద కాలు పెట్టవచ్చు అనిపించేంత దగ్గర. నీళ్లతో లోకాన్ని మళ్లీ ముంచనన్న మాటకు అది గుర్తని పిల్లలకు ఏటా రంగు పెన్సిళ్లతో గీయించి చెబుతాను. అక్కడ నిలబడి స్తోత్రం చెబుదామంటే నోట్లోకి నీళ్లు పోయాయి. దగ్గు వచ్చింది. అంత నీటి ముందు ఆ వాగ్దానం గుర్తొచ్చి ధైర్యం కలగాలి. నాకెందుకో భయం వేసింది.

చిపాటా దారి

ఆదివారం ఆరాధన కూడా తప్పింది, బస్సులో ఉన్నాను. అక్కడ బస్సు నిండితేనే కదులుతుంది. మూడు గంటలు కూర్చున్నాం. ఇంతలో టై కట్టుకున్న ఒక బోధకుడు ఎక్కి, నడవలో నిలబడి ప్రసంగం మొదలుపెట్టాడు. జనం ఆమెన్ అంటున్నారు, కొందరు వేరుశెనగలు ఒలుచుకుంటూ వింటున్నారు. చివర టోపీ పట్టి తిరిగాడు. ఖతర్‌లో మా పాట మా గోడల లోపల ఉంటుంది, దానికే మేం కృతజ్ఞులం. ఇక్కడ వాక్యం బస్సులోకి ఎక్కి వచ్చి నా పక్క సీటు మీద చెయ్యి ఆనించి నిలబడింది. సంతోషపడాలో, ఈయన ఎప్పుడు దిగుతాడా అని చూడాలో తెలియలేదు.

"గీయనె నీకన్న మంచిగ జెప్తుండన్న," అన్నాడు నర్సింలు. మరి ఇంగ్లీషు సగమే వచ్చు వాడికి.

దారి పొడవునా పిల్లలు, ఆడవాళ్లు పుట్టగొడుగులు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కొక్కటి గొడుగంత. నిజంగానే ఒక పిల్ల దాన్ని నెత్తిన పెట్టుకుని వాన కింద నిలుచుంది. ఎటు చూసినా పచ్చదనం. నేను కిటికీ అద్దం తుడిచి తుడిచి చూస్తున్నాను. మూడు శుక్రవారాల ప్రార్థన ఇంత దూరం తడిపిందా అని గర్వం కూడా కలిగింది. దాచను.

బస్సు పైకప్పు నా సీటు మీదనే కారుతోంది. నర్సింలు డబ్బాను నా ఒళ్లో పెట్టాడు. చిపాటా చేరేసరికి సగం నిండింది.

మోసెస్ ఊరు

మట్టిరోడ్డు తెగిపోయి ఒక రోజు ఆగి, మంగళవారం ఊరు చేరాం. మమ్మల్ని తీసుకువెళ్లింది ఫిరి మాస్టారు. రిటైరైన బడిపంతులు, ఆ ఊరి సంఘానికి పెద్ద, ఇంగ్లీషు తెలిసినవాడు.

ఎస్నాత్‌కు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మోకాళ్ల దాకా బురద. అందరూ ఆమెను అమాయి అంటారు, అంటే అమ్మ. మేం చాప మీద కూర్చోగానే ఆమె చేతులు కడుక్కునే నీళ్ల గిన్నె పట్టుకుని వచ్చి మా ముందు మోకాళ్లూనింది.

మా సంఘంలో పెద్దవాళ్లు మోకాళ్లూనితే ఒకటే అర్థం. నేను వెంటనే మోకాళ్ల మీదికి వచ్చి, తల వంచి, కళ్లు మూసుకున్నాను. ప్రార్థన మొదలవుతుందని ఎదురుచూశాను. ఎవరూ మాట్లాడరు. వాన చప్పుడు ఒక్కటే. ఎంతసేపటికో నర్సింలు నా పక్కటెముకలో పొడిచాడు.

"అన్నా, చేతులు కడుక్కోమంటుంది. నువ్వు లే!"

కళ్లు తెరిస్తే ఎస్నాత్ గిన్నె పట్టుకుని అలాగే ఉంది. అతిథికి నీళ్లిచ్చేటప్పుడు ఆడవాళ్లు మోకాళ్లూనడం అక్కడి మర్యాద. వాకిట్లో పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వుతున్నారు. ఎస్నాత్ మాత్రం నవ్వలేదు. ఫిరి మాస్టారుతో ఏదో అంది.

"నాకు ఎదురు మోకరించిన మొదటి మగవాడివి నువ్వేనట," అన్నాడాయన.

తిన్నాక చేను చూపించమన్నాను. సాక్ష్యం కోసం వీడియో తీద్దామని ఫోను సిద్ధంగా పట్టుకున్నాను. ఇంటి వెనక పల్లంలోకి దిగి చూసేసరికి ఫోను జేబులో పెట్టేశాను. చేను కింది సగం నీళ్లలో ఉంది. మొక్కలు నడుము దాకా మునిగి, ఆకులు పసుపు పచ్చబడి వాలిపోయాయి. పై సగం మొదళ్లలో కూడా నీళ్లు మెరుస్తున్నాయి.

"వాన మొదలైంది, మళ్లీ ఆగలేదు," అన్నాడు ఫిరి మాస్టారు. "మీవాళ్లు ఎన్ని వారాలు ప్రార్థన చేశారు?"

"మూడు."

"ఒక వారం చేసి ఆపవలసింది."

ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఎస్నాత్ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. మాస్టారు చెప్పాడు: "వాడికి ఇది చెప్పొద్దంటోంది. తెలిస్తే ఉద్యోగం వదిలి వచ్చేస్తాడు, పిల్ల చదువు ఆగిపోతుంది. వాన వచ్చింది, దేవుడు విన్నాడు, అంతే చెప్పమంటోంది. అది అబద్ధం కాదు కదా అంటోంది."

అబద్ధం కాదు. నిజం కూడా కాదు. నేను తల ఊపాను. మన వైపు తల అలా అటూ ఇటూ ఊపితే అవునో కాదో పక్కనున్నవాడు పోల్చుకోవాలి. ఎస్నాత్ అవుననే అనుకుంది. నా రెండు చేతులూ నొక్కి లోపలికి వెళ్లింది. నేను మాట ఇచ్చానా లేదా అన్నది ఆ చాప మీద ఐదు రోజులు ఆలోచించాను. వాన పడుతూనే ఉంది.

ఆదివారం

చివరికి ఆదివారం ఆదివారంగానే వచ్చింది. ఆ ఊరి చర్చికి ఇటుక గోడలు, రేకుల కప్పు. వాన రేకుల మీద ఎంత గట్టిగా కొడుతోందంటే ప్రసంగం పెదవుల మీద చూడవలసిందే. పాట మాత్రం వాన కంటే గట్టిగా పాడారు. డప్పు ఒకటే వాద్యం, మిగతాదంతా గొంతులే.

ఫిరి మాస్టారు నా చెవిలో అరిచాడు. "వాన కోసం ప్రార్థన చేసిన సంఘం నుంచి వచ్చావని అందరికీ తెలుసు. ఇప్పుడు నువ్వు ప్రార్థన చెయ్యాలి."

"ఏమని?"

ఆయన తల గోక్కున్నాడు. "అదే చిక్కు. కుడి వైపు బెంచీల వాళ్ల చేలు మెరక మీద ఉన్నాయి. కండె గింజ పట్టే వేళ, వాళ్లకు ఇంకో రెండు వారాలు వాన కావాలి. ఎడమ వైపు వాళ్లవి పల్లంలో. ఎస్నాత్‌ది అటే."

లేచాను. రెండు వైపులా చూశాను. ఒక్క ప్రార్థనకు వాన ఆగిన ప్రవక్త కథ నాకు తెలుసు, ఎన్నోసార్లు బోధించాను. కానీ వాన ఆపమని అడగడం మా ఊళ్లో ఎవరూ నేర్పలేదు. ఆ మాటలు నా దగ్గర లేవు. ఇంగ్లీషులో మొదలుపెట్టబోయి, తెలుగులోకి వచ్చేశాను. కళ్లు మూసుకున్నాక మా నాన్న గొంతే నా గొంతులోకి వచ్చింది. ధారగా సాగింది. రేకుల చప్పుడు కూడా మరిచిపోయాను. ముగించేసరికి చెంపలు తడిశాయి. రెండు వైపుల వాళ్లూ ఒకే గొంతుతో ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా ఎస్నాత్.

కూర్చోగానే నర్సింలు నా వైపు వంగాడు. వాడి ముఖం చూసి బాగా చేశానంటాడనుకున్నాను.

"అన్నా, ఏమడిగినవో ఎరుకేనా?"

"ఏమడిగినా?"

"ఎండిన నేలను సూడు తండ్రీ, ఆకాశం తలుపులు దియ్యి, సమృద్ధిగ వర్షం గురిపియ్యి అన్నవ్. మూడుమాట్ల అన్నవ్. గీళ్లంత ఆమెన్ గొట్టిన్రు."

నేను చేసింది అదే. నలభై ఏళ్లుగా ఆ మాటలకు అరిగిన నోరు, వేరే దారి తెలియదు. ఆ హాల్లో తెలుగు తెలిసినవాడు నర్సింలు ఒక్కడే.

బయటికి వచ్చాక ఆడవాళ్లు అక్కడి పద్ధతిలో మెల్లగా చప్పట్లు కొడుతూ నాకు కృతజ్ఞతలు చెబుతున్నారు. ఆగలేక ఫిరి మాస్టారును పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడో ఏమో వానలో తెలియలేదు.

"నువ్వేం అడగాలనుకున్నావో దేవుడికి తెలియదా?"

"తెలుసు."

"మరి?"

"అయితే నోటితో అడగడం దేనికి మాస్టారూ?"

"మాకు వినపడడానికి," అన్నాడు.

"మీకు అర్థం కాలేదు కదా!"

"కాలేదు," అని ఒప్పుకున్నాడు. చూరు కింద పక్కకు జరిగి నాకూ చోటిచ్చాడు. అది కొంత ఓదార్పుగానే ఉండింది.

పల్లం చేను

సోమవారం తెల్లవారుతూనే వాన ఆగింది. ఎండ కాచింది. ఊరంతా నన్ను చూసి చేతులెత్తుతున్నారు. కావాలని అడిగితే ఆగింది. ఆపమని అడిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించే ధైర్యం లేక చేను వైపు వెళ్లాను.

నర్సింలు అప్పటికే ఎవరిదో పార అడిగి తెచ్చుకుని, గట్టు మీద కూర్చుని నీళ్లను చూస్తున్నాడు.

"అన్నా, గా మూలకు వాటం ఉంది. గక్కడికెల్లి వాగు దాక కాలువ దీస్తే పై సగం బతుకుతది. కింది సగం పోయినట్టే."

"మీ జగిత్యాలలో నీళ్లు బయటికి పంపే చేలు యాడుండాయప్పా?"

"యాడ లెవ్వు. నీళ్లు నిలవెట్టుడే నేర్చిన. గిది గూడ గదే పని, జర ఉల్టా. యల్లా, పార వట్టు!"

ఫిరి మాస్టారును అడిగి, ఇంకొకరి చేలోకి నీళ్లు పోకుండా దారి చూసుకున్నాడు. రెండు రోజులు తవ్వాం. పల్లం వైపు వాళ్లు తలో చెయ్యి వేశారు. మంగళవారం నాటికి మెరక వైపు వాళ్లు కూడా కొందరు వచ్చారు. నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి. స్టోర్‌లో కూర్చుని రాసే చేతులు. కాలువకు అందని గుంటల్లో నీళ్లను ఎస్నాత్ కొడుకు పంపిన నీలం డబ్బాతో తోడి పోసింది. మొక్కలకు నీళ్లు పోయమని మోసెస్ పంపితే ఆమె మొక్కల దగ్గరి నీళ్లు బయట పోస్తోంది. తోడిన ప్రతిసారీ డబ్బాను చూసి నవ్వుతోంది. ఆమె నవ్వగా చూసింది ఆ రెండు రోజులే.

మంగళవారం సాయంత్రానికి పై సగం మొదళ్లు బయటపడ్డాయి. బుధవారం మేం సంచులెత్తుకుంటుంటే మళ్లీ చినుకు మొదలైంది. కాలువ పారుతోంది. ఎస్నాత్ నా చెయ్యి పట్టుకుని ఒక్క మాట అంది. మాస్టారు చెప్పనక్కర్లేకపోయింది. మోసెస్ అన్న పేరు, పెదవుల మీద అడ్డంగా వేలు.

ఈసారి నేను తల కూడా ఊపలేదు.

మళ్లీ అబూ హమూర్

గురువారం రాత్రి దోహాలో దిగాం. ఇంటికి నా విమానం శనివారం. శుక్రవారం ఆరాధనలో, పాటల తర్వాత, జయరాజు అంకుల్ నన్ను సాక్ష్యానికి పిలిచారు. మైకు పట్టుకుని చూస్తే వెనక వరసలో నర్సింలు పక్కన మోసెస్ కూర్చుని ఉన్నాడు, తన కూడిక వదిలేసి. తెలుగు ముక్క రాదు. నేను ఏం చెబుతానో అని రెండు చేతులూ ముందు కుర్చీ మీద ఆనించి వంగి చూస్తున్నాడు.

తెలుగులో మొదలుపెట్టాను. చేను మునిగిందని తెలుగులో చెబితే సంఘానికి నిజం చెప్పినట్టూ అవుతుంది, తల్లి మాటా నిలుస్తుంది. దారి దొరికిందనుకున్నాను. "ప్రభువు వర్షమిచ్చాడు," అని ఆగాను. సంఘం ఆమెన్ అంది. వాళ్లతో పాటు మోసెస్ కూడా, అర్థం కాకుండానే, గట్టిగా ఆమెన్ అన్నాడు.

ఆ గొంతు అచ్చం వాళ్లమ్మది. రేకుల కింద, ఆదివారం, నేను తప్పు అడిగినప్పుడు ఆమె అన్న ఆమెన్.

ఇక తెలుగు రాలేదు. ఇంగ్లీషులోకి మారి మోసెస్ వైపే చూస్తూ చెప్పాను. చేను సగం పోయింది. సగం నిలిచింది. నీకు చెప్పొద్దని మీ అమ్మ అంది. నేను మాట ఇచ్చానో లేదో నాకే తెలియదు. మీ సంఘం ముందు నేను వాన ఆగాలని అడగబోయి ఇంకా కావాలని అడిగాను. మరునాడు ఆగింది. ఎందుకో తెలియదు. కాలువ మాత్రం నర్సింలు తీశాడు.

పక్క హాల్లో వాళ్లు పాడుతున్నారు. మోసెస్ లేచి నిలబడ్డాడు. ఇటునుంచి ఇటే సంచి సర్దడానికి వెళ్తాడనుకున్నాను.

"సగమా? కచ్చితంగా సగమేనా?"

"పై సగం. నా కళ్లతో చూశాను."

అతను మళ్లీ కూర్చున్నాడు. "మంగళవారం అమ్మ ఫోన్లో మీ దోస్త్ కాలువ తవ్వుతున్నాడంటూ మురిసిపోయింది. ఆ నోటితోనే చేను బాగుందంది. బాగున్న చేలో కాలువ ఎవరు తవ్వుతారు బ్రదర్? మూడు రోజులుగా సంచి సర్దుతున్నాను, విప్పుతున్నాను. అంతా పోయి దాస్తోందేమో అనుకున్నాను." ముఖం తుడుచుకున్నాడు. "సగం ఉంటే ఆమె తింటుంది. సగం ఉంటే ఒప్పందం అయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను."

నర్సింలు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఉండు భాయ్. బిర్యానీ ఉంది ఇయ్యాల."

అందరూ నవ్వారు, నేను కూడా. జయరాజు అంకుల్ మాత్రం నవ్వకుండా విన్నపాల పుస్తకం తెరిచారు. 'మోసెస్ తల్లి' అన్న వరసలో కుడి వైపు ఉన్న 'వర్షం' అన్న మాటను కొట్టేశారు. పెన్ను పట్టుకుని నా వైపు చూశారు.

"ఇప్పుడేం రాయమంటావయ్యా? వాన కావాలనా, వద్దనా?"

పై సగానికి వాన కావాలి. కింది సగానికి వద్దు. మెరక వాళ్లకు కావాలి. మే నాటికి, కోతలకు, అందరికీ ఎండ కావాలి. నేను మోసెస్‌ను అడిగాను. అతను ఆలోచించి, "పేరు ఒక్కటే రాయండి," అన్నాడు.

అంకుల్ కింద కొత్త వరసలో, ఎడమ వైపు, 'ఎస్నాత్' అని రాశారు. మేమంతా మోకాళ్లూనాం. ఎప్పుడూ గోడ అవతలికి వినిపించే సంఘం ఆ రోజు ఒక్క మాట పలకలేదు. నేను కళ్లు మూసుకున్నాను, నోరు కూడా.

ఆ పేరు పక్కన గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ప్రతి శుక్రవారం అంకుల్ ఆ వరస దగ్గరికి వచ్చి, పేరు చదివి, కాసేపు ఆగి, కింది పేరుకు వెళతారు.